బంతి గాల్లో ఉండగా మొక్కిన మొక్కు

ఆ రోజుల్లో నాకు రెండు విషయాల్లో ఎలాంటి సందేహమూ ఉండేది కాదు. ఒకటి, దేవుడు లేడు. రెండు, మా వంశం లాంటి వంశం ఒడిశాలోని గంజాం జిల్లా మొత్తంలో మరొకటి లేదు. మొదటిదానికి నా దగ్గర బోలెడు వాదనలుండేవి. రెండోదానికి వాదన అవసరమని ఎప్పుడూ తోచలేదు. (ఇప్పుడు ఆలోచిస్తే రుజువులు రెండింటికీ సమానంగానే ఉండేవనిపిస్తుంది.) ఆంధ్రా సరిహద్దు దగ్గర మాకుండిన చిన్న జమీ తాతగారి కాలంలో సగం, నాన్నగారి కాలంలో మిగతా సగం పోయింది. నా వంతు వచ్చేసరికి మిగిలింది బరంపురం పొలిమేరలో అంకులిలో అద్దెకున్న రెండు గదుల వాటా, నన్ను పెంచిన పెద్దత్త, కర్ర మింగినట్టు నిటారుగా నడిచే అలవాటు. పెద్దత్త నాన్నగారికి అక్క. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన మనిషి. నాన్నగారు పోయాక నాకు వండిపెట్టడానికంటూ నాతో బరంపురం వచ్చింది. నిజానికి నేను ఎవరితోనూ గొడవ పడకుండా చూడటానికి వచ్చింది.

నేను నాస్తికుణ్ణి ఎలా అయ్యానో కూడా చెప్పాలి. అదేమీ గొప్ప కథ కాదు. మా ఊరి అమ్మవారి సంబరంలో తొలికాయ చెక్క మా ఇంటి పెద్ద చేతిలో పెట్టడం ఆనవాయితీ. నేను కాలేజీలో చేరబోయే ఏడు, పూజారి ఆ చెక్కని సోనేపూర్ నుంచి ఐసు పెట్టెల్లో చేపలు ఎగుమతి చేసే ఒక షావుకారు చేతిలో పెట్టాడు. గుడికి కొత్త గంటలు చేయించింది ఆయనే మరి. అప్పటికే నాన్నగారు చెయ్యి చాపి ఉన్నారు. ఆ చెయ్యి ఒక్క క్షణం గాల్లో ఆగింది. తర్వాత ఆయన, కండువా సర్దుకోవడానికే చెయ్యి చాపినట్టు, కండువా సర్దుకున్నారు. పొద్దున ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు ఉన్న దేవుడు, మధ్యాహ్నం విస్తళ్ళు వేసే వేళకి లేకుండా పోయాడు. కాలేజీలో చేరాక లావుపాటి పుస్తకాలు చదివి ఆ నిర్ణయానికి కారణాలు సమకూర్చుకున్నాను. దేవుడు లేడన్న సంగతి పెద్దత్తకి గంభీరంగా తెలియజేసినప్పుడు ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతూ తలెత్తకుండా అంది: "దేవుడు నేడా? మరి ఎవుల్మీద అలిగినావురా బాబూ?"

చదువయ్యాక బరంపురంలోనే, అమెరికాలో ఎవరెవరి పంటి వైద్యానికో అయిన ఖర్చుల బీమా కాగితాలు సరిచూసే ఒక కంపెనీలో ఉద్యోగం దొరికింది. వారం వారం అక్కడి మేడమ్ ఒకావిడతో ఫోన్లో మాట్లాడాలి. ఆవిడ పని మాటలకి ముందు తమ దేశపు ఫుట్‌బాల్ గురించి కాసేపు ముచ్చటించేది. నేను ఆ కాసేపూ బిగుసుకుని కూర్చునేవాణ్ణి. మా మేనేజరు కటక్ ఆయన, మంచివాడు. ఒకరోజు నన్ను పక్కకి పిలిచి, ఒడియావాళ్ళు మర్యాదకి 'అయ్యా' అన్నట్టు, "ఆజ్ఞా, మీరు జమీందారులు, నిజమే. కానీ ఆమె మ్యాచ్ గురించి అడిగితే 'మేం అలాంటివి చూడం' అనకండి. ఒక్క ఆట చూసి రండి" అన్నాడు. ఒకరు చెప్తే నేర్చుకునే రకం కాదు మేము. అయినా చూశాను. చూసి, కుర్చీలోంచి లేవలేకపోయాను.

కాలితో తక్కువ, చేత్తో ఎక్కువ ఆడే ఆ ఆటకి ఫుట్‌బాల్ అని పేరు ఎందుకు పెట్టారో నాకు తెలీదు. కానీ అది నేల గురించిన ఆట అని వెంటనే అర్థమైంది. అటు ఒక దండు, ఇటు ఒక దండు, మధ్యలో గజాల లెక్కన గీతలు గీసిన నేల. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్తే ఆ నేల మీద హక్కు నిలుస్తుంది. వెళ్ళలేకపోతే బంతిని ఎదుటివాడికి అప్పగించి తప్పుకోవాలి. తగాదా వస్తే ఇద్దరు మనుషులు రెండు కర్రలకి కట్టిన గొలుసు పట్టుకుని పరిగెత్తుకొస్తారు. గొలుసు నేల మీద లాగి పట్టి కొలుస్తారు. ఆ గొలుసు చూసేసరికి నాకు ఒళ్ళు జలదరించింది. మా పొలాల మీద భూమి కొలిచే అమీను లాక్కుంటూ తిరిగిన గొలుసు గురించి వింటూ పెరిగినవాణ్ణి నేను. మా వంశం తరతరాలుగా వెనక్కి జరుగుతూ ఆడిన ఆటని అక్కడ ఇనప టోపీలు పెట్టుకుని, పద్ధతిగా, ప్రేక్షకుల ముందు ఆడుతున్నారు! ఆ దేశపు ఉత్తరాన మంచులో కూరుకుపోయే ఒక ఊరి జట్టు, ఒకప్పుడు గొప్పగా బతికి ఇప్పుడు ఏళ్ళ తరబడి ఓడిపోతోందని విని, ఇంకేమీ విచారించకుండా వాళ్ళని నావాళ్ళుగా స్వీకరించాను.

వాళ్ళ ఆదివారం రాత్రి మనకి సోమవారం తెల్లవారుజాము. సుప్రభాతం వినపడితే దుప్పటి ముసుగేసుకునే నేను చీకటుండగానే లేచి, చన్నీళ్ళు పోసుకుని, కిటికీ వైపు ముఖం పెట్టి కూర్చోవడం మొదలుపెట్టాను. (లాప్‌టాప్ ప్లగ్గు అక్కడే ఉంది.) మొదట్లో పెద్దత్త మురిసిపోయింది. "మా బాబు మారినాడు, సంధ్య వారస్తన్నాడు" అని మాకు అద్దెకిచ్చిన ఇంటావిడతో చెప్పిందట. తర్వాత సంగతి అర్థమై ఊరుకుంది. నా పద్ధతులు కొన్ని ఉండేవి. నీలం బనీను వేసుకోవాలి, మా జట్టు గెలుస్తున్నన్నాళ్ళూ దాన్ని ఉతక్కూడదు. కాఫీ గ్లాసు ఎడమ పక్కనే ఉండాలి. బంతి మాదైనప్పుడు పెద్దత్త నా ముందునుంచి నడవకూడదు. ఇవన్నీ క్రమశిక్షణ అని నేననేవాణ్ణి. ఆవిడ అదే గదిలో, అటు మూల దేవుడి పటాల ముందు దీపం పెట్టుకుంటూ నన్నొకసారి చూసి, "నా మడి కన్నా నీ మడే గట్టిగున్నాది బాబూ" అంది. నేను కాఫీ గ్లాసుని ఇంకాస్త ఎడమకి జరుపుకున్నాను.

అలా ఉండగా ఒక ఏడాది మా జట్టు ఎవరూ ఊహించని విధంగా ఫైనల్‌కి వెళ్ళింది. మాఘమాసంలో ఒక సోమవారం పొద్దు. ఆఫీసుకి సెలవు పెట్టాను. ఆట చివరికొచ్చేసరికి మాది రెండు పాయింట్ల ఆధిక్యం. ఇంక కొన్ని క్షణాలే ఉన్నాయి. బంతి వాళ్ళది. కాలితో తన్ని అవతల ఉన్న రెండు స్తంభాల మధ్య నుంచి పంపితే వాళ్ళకి మూడు పాయింట్లు, మాకు మళ్ళీ పాత బతుకు. వాళ్ళ కుర్రాడు తన్నాడు. బంతి లేచింది. తిన్నగా వస్తున్నట్టే ఉంది. అప్పుడు నా గదిలో ఎవరో గట్టిగా అరిచారు. "తల్లీ! ఆ బంతి పక్కకెల్లిపోతే నీ యాత్రకి యేసం కడతానే తల్లీ!" నేను పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడే మనిషిని. ఊరి యాసని కాలేజీ గేటు దగ్గరే వదిలేశాను. అందుకే ఆ గొంతు నాదేనని పోల్చుకోవడానికి కాస్త సమయం పట్టింది. బంతి ఎడమ స్తంభానికి తగిలి, వెనక్కి వచ్చి, గడ్డి మీద పడి దొర్లింది. మేం గెలిచాం. నేను గాల్లోకి ఎగిరి కిందికి దిగేసరికి, గుమ్మంలో బియ్యం చాట ఒళ్ళో పెట్టుకుని పెద్దత్త కూర్చుని ఉంది. ఆవిడ ముఖంలో అంత ప్రశాంతత నేనెప్పుడూ చూడలేదు.

"మొక్కీసినావు" అంది.

బరంపురం సంగతి తెలియనివారికి ఒక మాట. ఇక్కడ రెండేళ్ళకోసారి చైత్రంలో ఠాకురాణి యాత్ర జరుగుతుంది. మొక్కుకున్నవాళ్ళు ఏదో ఒక వేషం కట్టి వీధుల్లో తిరిగి, యాత్రకి వేసిన పందిరి గుడిలో అమ్మవారికి కొబ్బరికాయ కొట్టి మొక్కు తీర్చుకుంటారు. పిల్లలు కృష్ణుళ్ళవుతారు, రాముళ్ళవుతారు. మగవాళ్ళు ఒంటికి పసుపు రంగు పూసుకుని, నల్లచారలు దిద్దుకుని, తోక కట్టుకుని పులులవుతారు. ఇందులో మా వంశం పాత్ర ఒకటే. కుర్చీలో కూర్చుని చూడటం. తాతగారి కాలంలో మా ఊరి పులుల దండు ముందు మా గుమ్మంలో ఆడి, ఆయన చేత కొత్త కండువా కప్పించుకునే బరంపురం బయల్దేరేది. జమీ పోయినా ఆ మర్యాద పోలేదు. దండు పెద్ద, మేమంతా పులిమాస్టారనే ముసలాయన, అప్పటికీ పులుల్ని అంకులి దాకా నడిపించుకొచ్చేవాడు. నేను ఇంటివాళ్ళ ప్లాస్టిక్ కుర్చీలో, సింహాసనంలో కూర్చున్నట్టు కూర్చునేవాణ్ణి. మేం ఇచ్చేవాళ్ళం. అడిగేవాళ్ళం కాదు. నా నోటివెంట దేవత పేరు వచ్చినందుకు కూడా అంత బాధపడలేదు. ఎవరినో ఏదో అడిగాను, అదే నన్ను కోసేసింది.

"అత్తా, అది ఊరికే నోటికొచ్చిన మాట" అన్నాను.

"నోటికి రాకపోతే ఇంకెక్కడికొస్తాది?"

"తల్లీ అన్నాను. ఏ తల్లి అనుకున్నావ్?"

"యాత్ర అన్నావు. అంకుల్లో నాకూ ఇంటావిడకీ యాత్రలు సేస్తన్నారేటి?"

"బంతిని గాలి తోసింది."

"గాలి ఎవుల్దిరా?"

"ఎవరిదీ కాదు."

"మన భూములు కూడా ఎవుల్వీ కాదనే రాయించీసుకున్నారు."

ఇలాంటి వాదన నా లావుపాటి పుస్తకాల్లో ఎక్కడా లేదు. చివరి అస్త్రంగా, "అసలు అమెరికా ఎక్కడుందో మీ అమ్మవారికి తెలుసా?" అన్నాను. పెద్దత్త జాలిగా చూసింది. "నువ్వెల్లినావేటి? ఇక్కడే కూకోని సూడ్నేదా? ఆవిడా అలగే సూసింది." "మరి అవతలి జట్టువాళ్ళు కూడా మొక్కుకుని ఉంటారు కదా?" "ఉంటారు. ఆల్లు యేసం కడతామని అన్నేదేమో."

ఫాల్గుణం అంతా ఈ విషయం మా ఇద్దరి మధ్య పులుసులో ముక్కలా మునుగుతూ తేలుతూ ఉంది. కట్టనన్నాను. సిద్ధాంతం అన్నాను. వంశం అన్నాను. (సిద్ధాంతమూ వంశమూ ఒకే పక్షాన నిలబడటం నా జీవితంలో అదే మొదటిసారి.) ఆవిడ ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. యాత్ర మొదలైన వారంలో ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి, పులులకి రంగులు వేసే ఆయన మా వరండాలో డబ్బాలు పరుచుకుని కూర్చున్నాడు. ఎదురుగా పీట మీద పెద్దత్త, కొంగు బిగించి దోపుకుని, రవికె చేతులు పైకి మడిచి, చేతులు ముందుకి చాపి సిద్ధంగా ఉంది. ఆ చేతులు నేనెప్పుడూ మోచేతి పైకి చూసి ఎరగను. బజారుకి వెళ్ళాలన్నా తల మీంచి ముసుగు జారనివ్వని మనిషి.

"ఏమిటిది?" అన్నాను.

"పులేసం. ఇంట్లో ఒకలు మొక్కితే ఇంకొకలు తీర్సొచ్చంట. పూజారి సెప్పినాడు" అంది నింపాదిగా. రంగులాయన నా వైపు దీనంగా చూశాడు. "బాబూ, అమ్మగారికి మోకాళ్ళు నొప్పులు, వద్దని సెప్తన్నాను. ఇనరు. తోక కూడా బేరమాడీసినారు." నేను నవ్వబోయాను. అత్త ముఖం చూశాక నవ్వు రాలేదు. ఆవిడ నన్ను బెదిరించడం లేదు. తీరని మొక్కు కీడై నా మీదికి రాకూడదని, తాను డెబ్బై ఏళ్ళు దాచుకున్న పరువుని రంగులో ముంచి వీధిలోకి వెళ్ళడానికి సిద్ధపడి కూర్చుంది. వెళ్తుంది కూడా. ఆ సంగతి నాకు తెలుసు. దేవుడి సంగతి వేరు, ఇందులో వాదనకి చోటు లేదు.

"లే అత్తా. నేనే కడతాను. కానీ పులి కాదు, దేవుడు కాదు. నాకు నచ్చిన వేషం కడతాను" అన్నాను.

"ఏదైనా యేసమే" అంటూ పీట మీంచి లేచింది. లేవడానికి నా చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది.

నా ఎత్తుగడ నాకుంది. అమెరికా ఆటగాడి వేషంలో ముఖం కనపడదు! మోటారు సైకిలు హెల్మెట్‌కి వెల్డింగ్ షాపులో ఇనప ఊచలు అతికించాను. (షాపాయన "ఏటి బాబూ, కోతులు కరస్తన్నాయా?" అనడిగాడు.) గోనెసంచుల్లో కొబ్బరిపీచు కూరి భుజాలకి కట్టుకున్నాను. పైన నీలం చొక్కా తొడుక్కున్నాను. చంకలో మొక్కు కొబ్బరికాయ. చైత్రపు ఎండలో, పాతబస్తీ సందుల్లో, ఆ పీచు మధ్య నేను కుండలో ఉడుకుతున్న దుంపలా ఉన్నాను. రాముడెదురైతే పక్కకి జరిగే జనం నన్ను చూసి ఆగిపోయారు. "ఏ కిఏ రే?" ఎవడ్రా వీడు అని ఒడియాలో ఒకడు. "బాంబులు తీసే పోలీసు" అని ఇంకొకడు. "కాదెహె, యముడి దగ్గిర పనిసేసేటోడు" అని తెలుగులో ఒక ముసలమ్మ. ఆవిడే మళ్ళీ, ఎందుకైనా మంచిదని, ఒళ్ళోని మనవణ్ణి నా ముందుకి చాపి "దీవించు నాయనా" అంది. వేషం కట్టినవాడిలో అమ్మ ఉంటుందని ఇక్కడివాళ్ళ నమ్మకం. నేను చుట్టూ చూసి, ఆ పిల్లాడి తలమీద చెయ్యి పెట్టాను. వాడు ఊచల వెనక నా కళ్ళు చూసి గుక్కపట్టి ఏడ్చాడు. నా నాస్తికత్వాన్ని గుర్తించింది వాడొక్కడే.

పందిరి గుడి కనపడుతోంది, ఇంక గండం గడిచిందనుకున్న చోట డప్పులు వినిపించాయి. మా ఊరి పులుల దండు దారికి అడ్డంగా నిలబడి ఉంది. పులిమాస్టారు తోక చేత్తో పట్టుకుని నా చుట్టూ ఒకసారి తిరిగి, ఊచల్లోకి తొంగిచూశాడు.

"ఏటి బాబుగోరూ, లోపలున్నది మీరేనేటి?"

"కాదు" అన్నాను గొంతు మార్చి.

"మీరే. యేసం కట్టినోడెవుడైనా ఇలగ నడుస్తాడా? ఊరు తనికీకొచ్చినట్టు నడస్తన్నారు."

"ఎవరికీ చెప్పకు."

"సెప్పను బాబు, అమ్మతోడు" అని, వెనక్కి తిరిగి డప్పులవాళ్ళతో బరంపురమంతా వినపడేలా అరిచాడు. "ఒరే! మా దొరగోరు యేసం కట్టినారు! గట్టిగా కొట్టండ్రా!"

ఇంక దాచడానికేమీ లేదు. పులులకి ఇంకో వేషం ఎదురైతే, కలిసి ఆడిగాని దారివ్వరు. "నేను ఆడను" అన్నాను. "అయితే దారి నేదు బాబుగోరూ" అన్నాడు మాస్టారు ఎంతో వినయంగా. పులులన్నీ వరసగా వంగి, చేతులు నేలకానించి, నా వైపు చూస్తున్నాయి. వాటి వెనక గుడిమెట్టు. పక్కన అరుగు మీద జనంలో పెద్దత్త, ముసుగు నుదుటి మీదికి లాక్కుని నిలబడి ఉంది. చంకలో కాయ. ఎదురుగా పసుపు చారల వరస. మధ్యలో నేల, అటూ ఇటూగా పది గజాలుంటుంది.

అది ఆలోచించి చేసిన పని కాదు. నా వెన్ను వంగింది. ఒక చెయ్యి నేలకి ఆనింది, ఆటగాళ్ళు ఆనించినట్టే. డప్పు మోగింది. నేను దూకాను. మొదటి పులి నా భుజం తగిలి పక్కకి ఒరిగింది (కొబ్బరిపీచు మహిమ), రెండో పులి తోక నా కాలి కింద పడి ఊడొచ్చింది, మూడోవాడు "బాబోయ్, నిజంగానే గుద్దేస్తన్నార్రా!" అంటూ తప్పుకున్నాడు. జనం ఈలలు వేస్తున్నారు. ఎవరో నా పేరు తెలియక "అమెరికా! అమెరికా!" అని అరుస్తున్నారు. గుడిమెట్టుకి ఒక బారెడు దూరంలో పులిమాస్టారు తన వయసంతా మర్చిపోయి నా నడుం వాటేసుకున్నాడు. ఇద్దరం కలిసి ముందుకి పడ్డాం. నా మోకాలు మెట్టుకి గీసుకుపోయింది. చాపిన చేతిలోని కాయ అదే మెట్టుకి తగిలి ఠప్పున రెండు చెక్కలైంది.

డప్పులు ఆగాయి. పూజారి వంగి చూసి, ఏమనాలో తెలియక గంట కొట్టాడు. మాస్టారు ఇంకా నా నడుం పట్టుకునే ఉన్నాడు. అతని రంగు నా చొక్కాకి, నా చెమట అతని చారలకి అంటుకుని, దొరెవరో పులెవరో తెలియకుండా ఉన్నాం. నేను నవ్వుతున్నానని అప్పుడు గమనించాను. వీధిలో, నేలమీద, అందరి ముందు. పెద్దత్త జనాన్ని తోసుకుంటూ వచ్చి ముందు కాయ వంక చూసింది, తర్వాత నా మోకాలి వంక. "కాయ కొట్టీసినావు. అయిపోనాది. లే బాబూ, ఇంటికెల్లి పసుపెట్టుకుందువుగాని" అంది. ఆవిడ ముసుగు భుజం మీదికి జారిపోయిన సంగతి ఆవిడకే తెలియలేదు. (ఆ వారం మా మేనేజరు, ఎవరో ఫోన్లో తీసిన వీడియోని అమెరికా మేడమ్‌కి చూపించాడు. ఆవిడ దాన్ని రెండుసార్లు చూసింది. తర్వాత ఆ పసుపు జట్టు ఏ ఊరిదని అడిగింది.)

పెద్దత్త పోయి కొన్నేళ్ళయింది. నేను నమ్మకం విషయంలో ఒక్క గజం కూడా జరగలేదు. ఆ బంతిని తోసింది గాలే. ఎవరడిగినా అదే చెప్తాను. మొన్న శీతాకాలంలో మా జట్టు మళ్ళీ ఫైనల్‌కి వెళ్ళింది. మళ్ళీ చివరి క్షణాలు, మళ్ళీ కాస్త ఆధిక్యం, మళ్ళీ అవతలివాడి తన్ను. బంతి లేచింది. నా నోరు తెరుచుకుంది కూడా. కానీ మాట రాలేదు. సిద్ధాంతం వల్ల కాదు. నేనేమంటానా అని చెవి ఒగ్గి కూర్చున్న మనిషి పక్కగదిలో లేదు. బంతి చక్కగా రెండు స్తంభాల మధ్య నుంచి వెళ్ళిపోయింది. నమ్మనివాణ్ణి కాబట్టి ఎవరినీ తప్పుపట్టే వీలు కూడా లేదు.

లాప్‌టాప్ మూసేశాను. ఆవిడ ఉండి ఉంటే ఏమనేదో నాకు తెలుసు. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంటే బాగోలేక ఆ మాట నేనే పైకి అనేశాను, పుస్తకంలోలా కాదు, ఆవిడ అన్నట్టే. "నోరిప్పి అడగనోడికి ఎవులిస్తార్రా బాబూ?" అనేసి, వీపు మరింత నిటారుగా పెట్టి కూర్చున్న నా తీరు నాకే కనబడి, ఒక్కణ్ణే నవ్వుకున్నాను.